పాత గొడ్డలి, కొత్త కామ

అమెరికా పల్లెల్లో తాతలనాటి హాస్యం ఒకటి ఉంది. "ఇది మా తాత గొడ్డలి. తల రెండుసార్లు మార్చాం, కామ మూడుసార్లు మార్చాం. అయినా ఇప్పటికీ అదే గొడ్డలి" అంటాడు మనవడు. అన్నీ మారిపోయాక మిగిలింది పాతదేనా అని తత్వశాస్త్రం చదువుకున్నవాళ్లు దీనిమీద గంటలకొద్దీ వాదించుకుంటారు. కట్టెలు కొట్టేవాడికి మాత్రం ఇందులో వాదమేమీ కనిపించదు. సరిగా చూసుకున్న ఉక్కు తల రెండు మూడు తరాలు నిలుస్తుంది. కర్ర అన్నాళ్లు నిలవదు, నిలవాలని ఎవరూ ఆశించరు.

పాత గొడ్డలిని బాగుచేయడంలో మూడు పనులున్నాయి: తలకు పట్టిన తుప్పు వదిలించడం, వాదరకు సరైన ఆకారం తెచ్చి పదును పెట్టడం, కొత్త కామ తొడగడం. పక్కింటివాళ్లకు చూపించుకోవడానికి మొదటిది బాగుంటుంది. రెండోది చేతికి తెలుస్తుంది. మూడోది కంటికీ ఆనదు, చేతికీ అందదు. అది గొడ్డలి తలలోని బెజ్జంలో, ఇనుమూ కొయ్యా కలిసే మూడంగుళాల చీకట్లో జరిగే పని. బాగుచేసిన గొడ్డలి పనికొస్తుందా లేదా అన్నది తేలేది అక్కడే. తల అద్దంలా మెరుస్తున్నా, ఎత్తిన వేటులో కామనుంచి ఊడి ఎగిరితే ఎదుటివాడి ప్రాణం మీదికి వస్తుంది.

ఆ మాటకొస్తే గొడ్డలి చరిత్ర చాలావరకు ఈ అతుకు చరిత్రే. బళ్లారి దగ్గర సంగనకల్లులో, క్రీ.పూ. రెండో సహస్రాబ్దిలో, నల్లని డోలరైట్ రాతిని చెక్కి, రుద్ది, నునుపుచేసి గొడ్డళ్లను పెద్దయెత్తున తయారుచేసేవారు. కొండమీద ఈనాటికీ ఆ రాతి పెచ్చులు గుట్టలుగా కనిపిస్తాయి. రాతికి బెజ్జం పెట్టడం కష్టం కాబట్టి రాయినే కర్రలోకి దూర్చి కట్టాలి. కర్రలు మట్టిలో కలిసిపోయాయి, రాళ్లు మిగిలాయి. పాత గొడ్డళ్ల విషయంలో కాలం ఎప్పుడూ ఇదే పక్షపాతం చూపిస్తుంది.

ఒక్కచోట మాత్రం కాలానికి మంచు అడ్డుపడింది. 1991 సెప్టెంబరు 19న ఇటలీ, ఆస్ట్రియా సరిహద్దులోని ఆల్ప్స్ పర్వతాల్లో 5,000 ఏళ్లకు పైబడిన ఒక మనిషి దేహం బయటపడింది. 'ఊట్సీ' అని పేరు పెట్టుకున్న ఆ మనిషి పక్కన గొడ్డలి కామతో సహా దొరికింది. సుమారు 60 సెంటీమీటర్ల యూ చెట్టు కర్ర, దాని చివర మోచేయిలా వంగిన కొమ్మ, ఆ కొమ్మ చీలికలో దాదాపు శుద్ధమైన రాగి బిళ్ల. బిళ్లను బర్చి చెట్టు జిగురుతో అతికించి, పైన తోలు పట్టీతో బిగించి చుట్టారు. ఇనుప చీలలు, జిగురు సీసాలు పుట్టకముందు అతుకు ఎలా వేసేవారో ఇంత స్పష్టంగా చెప్పే వస్తువు మరొకటి లేదు.

బెజ్జంతో పోతపోసిన లోహపు గొడ్డళ్లు మెసొపొటేమియాలో క్రీ.పూ. మూడో సహస్రాబ్దికే ఉన్నాయి. అదే కాలంలో సింధు లోయవాళ్లు చాలావరకు బెజ్జంలేని చదును రాగి గొడ్డళ్లతోనే గడిపారు. మన దక్కన్‌లో ఇనుము వచ్చాక కూడా ఆ పద్ధతి వెంటనే పోలేదు. తెలంగాణకు ఆనుకున్న విదర్భలోని మాహుర్‌ఝరి, నాయికుండ్ వంటి బృహచ్ఛిలా సమాధుల్లో దొరికిన ఇనుప గొడ్డళ్లు చదునుగా ఉంటాయి. కర్రకు కట్టి బిగించడానికి వాటిమీద అడ్డదిడ్డంగా వేసిన ఇనుప పట్టీలు తుప్పుపట్టి తలకే అంటుకుపోయి కనిపిస్తాయి. కర్రలో ఇనుము దూర్చడం మాని ఇనుములో కర్ర దూర్చడం మొదలయ్యాక బలం, బాధ్యత రెండూ చోటు మారాయి. అప్పటినుంచీ అందరికీ ఒకటే సమస్య: గట్టిగా ఉండే ఇనుప కంతలో, ఎండకూ వానకూ మారిపోయే కొయ్యను కదలకుండా నిలపడం ఎలా?

ఈనాడు పాత గొడ్డళ్ల బాగుచేత ఒక విద్యగా బతికి ఉన్న చోట్లలో అమెరికాది పెద్దపీట. దానికి కారణాలు ఆ దేశపు అడవుల్లోనూ, ఒక చట్టంలోనూ ఉన్నాయి. యూరప్ నుంచి వలసవచ్చినవాళ్లు తెచ్చుకున్న గొడ్డళ్లకు ముందు పదును భాగమే బరువు, వెనక పలచన. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడి కమ్మరులు వెనక భాగాన్ని దిట్టంచేసి బరువును బెజ్జానికి అటూ ఇటూ సరితూచారు. వేటు తూలడం తగ్గింది. 1826లో కనెక్టికట్ రాష్ట్రంలో మొదలైన కాలిన్స్ కంపెనీ గొడ్డళ్లను కర్మాగారంలోనే నూరిపెట్టి, కొన్న వెంటనే వాడుకునేలా అమ్మింది. దాని చుట్టూ పెరిగిన ఊరికి కాలిన్స్‌విల్ అనే పేరు నిలిచిపోయింది. తుపాకి మడమలు చెక్కడానికి థామస్ బ్లాంచర్డ్ 1819లో పేటెంటు పొందిన యంత్రం, ఒక నమూనాను తడుముతూ అదే ఆకారాన్ని మరో కొయ్యలో చెక్కేది. ఆ యంత్రాన్నే తర్వాత గొడ్డలి కామలకూ వాడారు. వంపు తిరిగిన కామలు చవకగా దొరకడానికి అది తోడ్పడింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మోటారు రంపం వచ్చి గొడ్డలిని కొట్టాంలోకి తోసేసింది. కాలిన్స్ కంపెనీ 1966లో మూతపడింది. లక్షల తలలు తుప్పు పడుతూ మూలల్లో ఉండిపోయాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1964లో, అమెరికా ప్రభుత్వం 'వైల్డర్‌నెస్ యాక్ట్' అనే చట్టం చేసింది. దాని కిందికి వచ్చే రక్షిత అడవుల్లోకి మోటారు వాహనాలనూ, మోటారుతో నడిచే పనిముట్లనూ సాధారణంగా అనుమతించరు. కాలిబాటకు అడ్డంగా మాను పడితే అటవీ సిబ్బంది ఇద్దరు పట్టి లాగే రంపం, గొడ్డలి తీసుకునే వెళ్లాలి. మంచి గొడ్డళ్లు చేసే కర్మాగారాలు తగ్గిపోతున్న కాలంలో ఉన్నవాటిని బాగుచేసుకోవడం వాళ్లకు వృత్తి అవసరమైంది. అలా అమెరికా అటవీ శాఖే ఈ విద్యకు పాఠ్యపుస్తకం వేసింది. మోంటానా రాష్ట్రంలో సిబ్బందికి శిక్షణ ఇచ్చిన బెర్నీ వైస్‌గెర్బర్ రాసిన 'యాన్ యాక్స్ టు గ్రైండ్' అనే చిన్న పుస్తకం 1999లో వెలువడింది. పాత గొడ్డళ్లమీద చెయ్యి వేసేవాళ్లలో చాలామంది ఈనాటికీ దాన్నే మొదట తెరుస్తారు.

పాత తల చేతికి రాగానే చెయ్యాల్సింది దాన్ని తోమడం కాదు, చూడటం. ముందు వెనకభాగం చూడాలి. గొడ్డలిని సమ్మెటలా వాడి ఇనుప మేకులు దిగగొట్టి ఉంటే అక్కడి ఇనుము పుట్టగొడుగులా అంచులు విరిసి ఉంటుంది. దానివల్ల పక్కనున్న బెజ్జం గోడలు కూడా వంగో, బీటవారో ఉండవచ్చు. బీట కంటికి కనిపించకపోతే పాతకాలపు ఉపాయం ఒకటుంది: తలకు కిరసనాయిలు పట్టించి కాసేపు ఉంచి, పొడిగా తుడిచి, పైన సుద్దపొడి రుద్దాలి. బీటలో దాగిన కిరసనాయిలు మెల్లగా పైకి ఊరి తెల్లని సుద్దమీద సన్నని గీతలా బయటపడుతుంది. బెజ్జం బీటవారిన తలను గోడకు తగిలించుకోవాలి తప్ప వాడకూడదు.

తర్వాత వాదర. వాడి వాడి నూరినకొద్దీ అంచు వెనక్కి తరుగుతుంది. చాలా గొడ్డళ్లకు కింది మూలకన్నా పై మూల ఎక్కువ అరుగుతుంది; నేలనూ రాళ్లనూ ముద్దుపెట్టుకునేది అదే కదా. పాత గొడ్డళ్లలో ఇంకో రహస్యం ఉంటుంది. ఒకప్పుడు ఉక్కు ఖరీదు. అందుకని తలంతా మెత్తని ఇనుముతో చేసి, అంచుకు మాత్రం ఉక్కు ముక్కను కొలిమిలో కాల్చి అతికేవారు. నునుపుచేసిన తలను కాసేపు వెనిగర్‌లో ముంచితే ఉక్కు నల్లబడి, ఇనుము తేలికరంగులో ఉండి, రెండింటి సరిహద్దు పటంలో నదిలా కనిపిస్తుంది. ఆ ఉక్కు అరిగిపోయి ఉంటే ఇక ఎంత నూరినా పదును నిలవదు.

పాత కర్ర ముక్క బెజ్జంలో ఇరుక్కుని ఉంటే తలకింద రంపంతో కోసి, లోపలి కొయ్యకు బెజ్జాలు వేసి గుల్లచేసి, మరో కర్రతో మోది బయటికి తోసేయాలి. తొందరపడేవాళ్లు తలను మంటలో వేస్తారు. కర్ర కాలిపోతుంది, దాంతోపాటే ఉక్కుకు కమ్మరి పెట్టిన గట్టిదనం, అంటే పానం కూడా పోతుంది. మంట తప్పనిసరైతే వాదరను తడిమట్టిలో లోతుగా పూడ్చి, పైకి తేలిన బెజ్జం దగ్గరే చిన్న మంట పెట్టడం పాతవాళ్ల పద్ధతి. అదీ ఇప్పుడెవరూ సిఫారసు చేయడంలేదు.

తుప్పు విషయంలో మన సామెతే సరైన సలహా: గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? పైపైన పట్టిన ఎర్రతుప్పు తీగల బ్రష్షుకూ, నూనెకూ, ఓపికకూ లొంగుతుంది. ముదిరిన తుప్పుకు ఇళ్లలో వాడే వెనిగర్ చాలు. ఒక రోజు నానబెట్టి, తోమి, వంటసోడా కలిపిన నీళ్లలో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి. మరీ మొండిదైతే విద్యుత్తు పద్ధతి ఉంది. ప్లాస్టిక్ తొట్టిలో చాకలిసోడా కలిపిన నీళ్లు పోసి, గొడ్డలిని బ్యాటరీ ఛార్జరు రుణ తీగకూ, పనికిరాని ఇనుప రేకును ధన తీగకూ కలపాలి. తుప్పు వదిలి రాలిపోతుంది, కింది ఇనుము తరగదు. రేకు స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే నీళ్లలోకి విషపూరితమైన క్రోమియం సమ్మేళనాలు దిగుతాయి. పైగా తొట్టిలోంచి వచ్చే బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది కాబట్టి ఈ పని ఆరుబయటే చేయాలి.

తుప్పు కింద నల్లని పొర ఒకటి కనిపిస్తే దాన్ని ఉండనివ్వడమే మంచిది. అది ఎర్రతుప్పులా తినేది కాదు, ఇనుమును కొంతవరకు కాపాడుతుంది. ఇంకో సంగతి, దాన్ని గీకేసినప్పుడు తయారీదారు వేసిన ముద్ర కూడా పోతుంది. గ్రైండింగ్ చక్రం కొన్న ఉత్సాహంలో వందేళ్ల ముద్రను పది నిమిషాల్లో చెరిపేసి, తల తళతళలాడుతోందని మురిసిపోయేవాళ్లు ప్రతి దేశంలోనూ ఉన్నారు.

గ్రైండరుతో అసలు ప్రమాదం వేరే ఉంది. గొడ్డలి అంచుకు కాఠిన్యమూ, తట్టుకునే గుణమూ కమ్మరి పెట్టిన పానంలో వస్తాయి: ఎర్రగా కాల్చి ముంచితే గాజులా గట్టిపడి పెళుసవుతుంది, మళ్లీ మితంగా వేడిచేస్తే పెళుసు తగ్గుతుంది. ఈ రెండో వేడి ఎంతవరకు వెళ్లిందో ఉక్కు రంగే చెబుతుంది. 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర లేత గడ్డిరంగు, ఇంకా పైన గోధుమ, ఊదా, 300 దగ్గర నీలం. వేగంగా తిరిగే చక్రం కింద పలచని అంచు కొన్ని సెకన్లలో నీలం తిరుగుతుంది. తిరిగిందంటే అక్కడ పదును నిలవదు. చేతులకు తొడుగులు లేకుండా పట్టుకుని, వేళ్లకు వేడి తగలగానే నీళ్లలో ముంచడం పాత లెక్క. నీళ్లు కారుతూ మెల్లగా తిరిగే కాలిసాన ఉంటే ఆ భయమే లేదు. లేకపోతే ఆకురాయే ఉత్తమం.

ఆకురాయి ముందుకు తోసినప్పుడే కోస్తుంది. వెనక్కి లాగేటప్పుడు ఎత్తాలి. దాన్ని వాదరవైపే తోస్తారు కాబట్టి, జారితే వేళ్లు తెగకుండా పిడికి ముందు తోలు ముక్క గుచ్చుకోవడం అటవీ సిబ్బంది అలవాటు. అంచు నుంచి రెండు మూడు అంగుళాలు వెనక్కి విసనకర్ర ఆకారంలో పక్కలను పలచన చేయాలి. మానులు నరికే గొడ్డలికి రెండు పక్కలూ కలిసి సుమారు 25 డిగ్రీల కోణం సరిపోతుంది. కట్టెలు చీల్చేదానికి ఇంకాస్త మొద్దుగా. పక్కలు కొద్దిగా ఉబ్బి ఉండాలి. చదునుగా నూరితే గొడ్డలి కొయ్యలో దిగి అక్కడే ఇరుక్కుంటుంది. ఆకురాయి గీతలను సానరాయితో పోగొట్టి, చివర తోలుపట్టీమీద నాలుగుసార్లు దువ్వితే పని అయినట్టే.

ఇక కామ.

అమెరికాలో కామ అంటే హికరీ, బ్రిటన్‌లో యాష్. మనవైపు నల్లతుమ్మ, చిరుమాను, తడ. చిరుమానుకు ఇంగ్లీషువాళ్లు పెట్టిన పేరుకు అర్థమే 'ఇరుసు కర్ర'. ఈ చెట్లన్నిటిలో ఉమ్మడి గుణం, వేటు అదురును విరగకుండా మింగేయడం. టేకు ఎంత విలువైన కలపైనా ఈ పనికి చాలదు. చేవదేరిన కర్రే బలమని మనవాళ్ల నమ్మకం. అమెరికావాళ్ల నమ్మకం సరిగ్గా తలకిందులు: హికరీలో తెల్లని పైచెక్క కామలకే గిరాకీ, ఎర్రని చేవ ఉన్నవాటిని పక్కనపెట్టేవారు. అక్కడి అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల పరీక్షించి చూస్తే, బరువు సమానమైతే రెండింటి బలమూ సమానమేనని తేలింది. దుకాణాల్లో మాత్రం తెల్లదనానికి మోజు ఇప్పటికీ పోలేదు.

రంగుకన్నా చూడాల్సింది నార దిక్కు. కొయ్య పోగులు కామ ఈ చివరి నుంచి ఆ చివరికి తెగకుండా సాగాలి. అవి ఏటవాలుగా పక్కకి దిగిపోతే అక్కడే విరుగుతుంది. పది అంగుళాల పొడవుకు ఒక అంగుళం చొప్పున నార పక్కకి వాలితే, దెబ్బను తట్టుకునే శక్తి మూడోవంతుకు పైగా పడిపోతుందని కలప పరీక్షల లెక్క. అందుకే పాతవాళ్లు రంపంతో కోసిన పలకనుంచి కాకుండా, మొద్దును నారవెంట చీల్చి తీసిన బద్దనుంచి కామ చెక్కేవారు. చీలిక తానే నార దారిని చూపిస్తుంది. దుకాణంలో కొనేటప్పుడు చివరి కోతలోని వలయాలు వాదర దిశకు సమాంతరంగా ఉన్నాయో లేదో చూడమంటారు. అదీ చూడాలి, కానీ అది రెండో పరీక్షే. కామమీద మందంగా పూసిన వార్నిష్ చేతికి బొబ్బలు తెస్తుంది, లోపాలు దాస్తుంది. గీకేసి చూడటమే మేలు.

కర్ర పూర్తిగా ఎండి ఉండాలి. ఈ ఒక్క మాటను పెడచెవిన పెట్టి పాడుచేసుకున్న గొడ్డళ్లు లెక్కలేనన్ని. హికరీ పచ్చిదనం నుంచి పూర్తిగా ఎండేసరికి పొడవులో తరిగేది నామమాత్రమే. అడ్డంగా మాత్రం 7 నుంచి 11 శాతం వరకు ముడుచుకుంటుంది. అంటే పచ్చికర్రతో బిగుతుగా తొడిగిన తల వేసవి రాగానే గలగలమంటుంది.

తొడిగే పని తొందరపడితే అయ్యేది కాదు. కామ చివరను అరంతో, చిత్రికతో కొద్దికొద్దిగా తగ్గిస్తూ బెజ్జంలో పెట్టి చూడాలి. లోపల ఎక్కడ రాసుకుంటోందో అక్కడ కొయ్యమీద నల్లని మరక పడుతుంది. ఆ మరకనే తీసి మళ్లీ పెట్టాలి. పదిసార్లో, ఇరవైసార్లో. ఎక్కువ తీసేస్తే మళ్లీ అతకలేం. కామను బెజ్జంలోకి దించడానికి అనుభవజ్ఞులు చేసేది మొదటిసారి చూసినవాళ్లకు వింతగా ఉంటుంది. గొడ్డలి తల కిందికి వేలాడేలా కామను ఒక చేత్తో గాలిలో నిలువుగా పట్టుకుని, పైకి ఉన్న కామ చివర కొయ్యసుత్తితో కొడతారు. కింద ఏ ఆధారమూ లేని తల పడిపోవాలి కదా అనిపిస్తుంది; అది ఒక్కో దెబ్బకూ కామమీద పైకి ఎక్కుతుంది. బరువైన తల జడత్వంవల్ల ఉన్నచోటే ఉంటుంది, తేలికైన కర్ర దానిలోంచి దూసుకుపోతుంది. బడిలో న్యూటన్ మొదటి నియమానికి ఇంతకన్నా మంచి ప్రదర్శన దొరకదు. మన ఊళ్లలో వదులైన గొడ్డలి కామ అడుగును బండమీద టకటకా మోదడం వెనక ఉన్నదీ ఇదే సూత్రం.

మధ్యలో వంకర చూసుకోవాలి. కామ అడుగునుంచి ఒక కన్ను మూసి చూస్తే వాదర కామ మధ్యగీతలో కలిసిపోవాలి. ఏ పక్కకైనా ఒరిగితే ప్రతి వేటూ ఒరుగుతుంది.

తల కూర్చున్నాక దాన్ని నిలబెట్టేది చీల. పడమటి దేశాల గొడ్డళ్ల బెజ్జం కిందికన్నా పైన కాస్త వెడల్పుగా ఉంటుంది. కామ తలభాగంలో ముందే రంపంతో, బెజ్జం లోతులో మూడింట రెండు వంతుల దాకా ఒక చీలిక కోసి ఉంచుతారు. అందులో కొయ్య చీల దిగగొడితే కర్ర పైన విచ్చుకుని, పావురం తోకలా బెజ్జంలో బిగుసుకుంటుంది. ఇక కిందికీ రాదు, పైకీ పోదు. చీల మరీ మందమైతే అడుగుదాకా వెళ్లకుండానే మొండికేస్తుంది. మరీ పలచనైతే ఒరిగి విరుగుతుంది. దాని పక్కన అడ్డంగా ఇనుప చీల కొట్టడం దుకాణాల ఆచారం. అది నారను చీలుస్తుందని వద్దనేవాళ్లు, అది లేకపోతే నమ్మకం లేదనేవాళ్లు సమానంగా ఉన్నారు. కొయ్య చీల సరిగా కుదిరితే ఇనుము అవసరం తక్కువే. జిగురు మాత్రం అనవసరం. ఏదో ఒకనాడు ఈ కామా మార్చాలి, అప్పుడు జిగురు వేసినవాడిని తిట్టుకోవాలి.

ఇంత చేసినా తల వదులైతే ఏం చేస్తారు? ప్రపంచమంతా చేసేది ఒకటే, రాత్రి నీళ్లలో నానబెట్టడం. తెల్లారేసరికి తల బిగుసుకుంటుంది, పని నడుస్తుంది. కానీ లోపల జరిగేది వేరు. నీళ్లు తాగిన కొయ్య ఉబ్బాలని చూస్తుంది, చుట్టూ ఉన్న ఇనుము ఉబ్బనివ్వదు. పోవడానికి చోటులేక కొయ్య కణాలు నలిగి చదునవుతాయి. ఎండాక ఆ నలిగిన కొయ్య మునుపటికన్నా చిన్నదవుతుంది. మళ్లీ నానబెడతారు, మళ్లీ నలుగుతుంది. పుల్లలా మిగిలిన కామ ఒకరోజు ఊడి చేతికి వస్తుంది. బండి చక్రానికి పట్టా వేసేటప్పుడు మన కమ్మరులు ఇనుమునే ఎర్రగా కాల్చి, పెద్దదైనప్పుడు తొడిగి, నీళ్లు పోసి ముడుచుకునేలా చేస్తారు. గొడ్డలికి ఆ సౌకర్యం లేదు, కాలిస్తే పానం పోతుంది. అందుకే నీళ్లకు బదులు అవిసెనూనె. బెజ్జంపైన తేలిన కర్ర కోతకు ఈ నూనె పట్టిస్తే పోగుల చివరలనుంచి లోపలికి పీల్చుకుని, గాలి తగిలి గట్టిపడి, తేమ రాకపోకలను తగ్గిస్తుంది. చేతికి పట్టు కూడా బాగుంటుంది.

ఆ గట్టిపడటంలోనే ఒక అపాయం ఉంది. అవిసెనూనె ఆరడమంటే నీళ్లలా ఆవిరైపోవడం కాదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం. కలిసినప్పుడు వేడి పుడుతుంది. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే ఆ వేడి బయటికి పోలేక, అగ్గిపుల్ల గీయకుండానే మంట లేస్తుంది. 1991 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలోని 38 అంతస్తుల వన్ మెరిడియన్ ప్లాజా భవనంలో చెలరేగిన మంటలకు మూలం ఇలాంటి అవిసెనూనె గుడ్డలే. ఎనిమిది అంతస్తులు బూడిదయ్యాయి, ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. కామకు నూనె రాసినవాడు గుడ్డను విప్పి ఆరుబయట దండెంమీద వేయాలి, లేదా నీళ్లలో ముంచి ఉంచాలి.

చీలే అక్కర్లేని పద్ధతి కూడా ఉంది. మనం రోజూ చూసే పికాసుకు కామను పైనుంచి దూరుస్తారు. కామ తలవైపు లావుగా, చేతివైపు సన్నగా ఉంటుంది. విసిరిన ప్రతిసారీ తల బయటికి పోవాలని చూసి ఆ లావులో ఇంకా బిగుస్తుంది. స్పెయిన్ ఉత్తరాన బాస్క్ ప్రజలు మొద్దులు నరికే పందేల్లో వాడే గొడ్డళ్లకూ ఇదే ఏర్పాటు. కామ విరిగితే అడవిలోనే, చేతికత్తి ఒక్కటి ఉంటే, ఇంకో కర్ర చెక్కి దూర్చుకోవచ్చు. లోపమల్లా పని ఆపి నేలమీద నిలబెట్టినప్పుడు తల కిందికి జారుతుంది.

తెలుగు పల్లెల్లో ఈ బాగుచేతకు పుస్తకాలు రాలేదు, ఇద్దరు మనుషులు ఉండేవారు. ఏరువాకకు ముందు నాగటి కర్రులతోపాటు గొడ్డళ్లూ కొలిమికి చేరేవి. కమ్మరి మొద్దుబారిన అంచును కాల్చి, దాగలిమీద సాగగొట్టి, మళ్లీ పానం పెట్టేవాడు. కామ వడ్రంగి చెక్కేవాడు. డబ్బు చేతులు మారేది కాదు. పంట వచ్చాక కళ్లంలో ఇద్దరికీ మేర కొలిచేవారు. అమెరికా పద్ధతికీ దీనికీ తేడా గమనించదగ్గది. అక్కడివాళ్లు పాత పానాన్ని దైవంలా కాపాడుకుని అంచును చల్లగా అరగదీస్తారు. ఇక్కడి కమ్మరికి పానం మళ్లీ పెట్టగలనన్న ధైర్యం ఉంది కాబట్టి, ఇనుమును అరగదీసి వృథా చేయకుండా సాగదీస్తాడు. లారీ కమాను పట్టీల ఉక్కు చవకగా దొరకడం మొదలయ్యాక పాత తలకు ఉక్కు అతకడంకన్నా ఆ పట్టీతో కొత్త గొడ్డలే కొట్టడం సులువైంది. కొలిమి ఆరిపోయిన ఊళ్లలో రైతు సంతలో గొడ్డలి కొనుక్కుని, కామకు ఏ తుమ్మకొమ్మో తానే చూసుకుంటున్నాడు.

ప్రదర్శనశాలల లెక్క వేరు. అక్కడ తుప్పు కూడా సాక్ష్యమే. దాన్ని పూర్తిగా తీయకుండా, టానిక్ ఆమ్లంతో స్థిరపరిచి పైన మైనం పూస్తారు. విరిగిన కామను విరిగినట్టే ఉంచుతారు. ఊట్సీ గొడ్డలి ఇటలీలోని బోల్జానో పురావస్తు ప్రదర్శనశాలలో అతని యూ కర్రతోనే, అదే బర్చి జిగురుతో ఉంది. అది అసలు పనిచేసేదా అని తెలుసుకోవాలనుకున్నవాళ్లు దాన్ని ముట్టుకోలేదు. అదే కొలతలతో కొత్త రాగి తల పోతపోసి, కొత్త కామకు కట్టి, అడవికి పట్టుకుపోయారు. మధ్యలో ఒక్కసారి కూడా నూరకుండా, ముప్పై అయిదు నిమిషాల్లో ఒక యూ చెట్టు నేలకూలింది.